మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో ఏ పేరుతో సేవ్ అవుతోంది?

మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ ఒకసారి తెరిచి కిందికి జరుపుకుంటూ వెళ్లండి. "ఏసీ శ్రీను", "ప్లంబర్ మియాపూర్", "పాలాయన", "ఎల్ఐసీ మేడమ్", "బోర్ మెకానిక్ 2". సగం మందికి పేరే ఉండదు, పేరున్నా ఇంటిపేరుండదు, చదువు, హోదా, కంపెనీ అసలే ఉండవు. ఉండేదల్లా పని, పక్కన ఏరియా. రాత్రి తొమ్మిదింటికి గీజర్ కారుతుంటే మనం వెతికేది ఆ రెండు ముక్కలతోనే మరి. ఇప్పుడు దీన్నే అటు తిప్పి చూడండి. మొన్న ఏదో మీటింగ్‌లో మీరు కార్డిచ్చి, పది నిమిషాలు మాట్లాడి వచ్చిన ఆ పెద్దాయన ఫోన్‌లో మీరు ఏమని సేవ్ అయ్యుంటారు? అసలు సేవ్ అయ్యుంటారా?

నలుగురిలో మనల్ని మనం పరిచయం చేసుకోవడమంటే, నా లెక్కలో, ఆ రెండు మూడు ముక్కలు అవతలి మనిషి చేతిలో పెట్టడమే. పర్సనాలిటీ, బాడీ లాంగ్వేజ్ అని క్లాసులు చెప్పేవాళ్లు ఊరి నిండా ఉన్నారు, వాటిని నేనేమీ కాదనను కానీ, ఈ ముక్కలు లేకపోతే ఎంత బాగా నవ్వినా లాభం లేదు.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న కాలిబ్రేషన్ ల్యాబ్ (చూశారా, నేనూ "చిన్న" అనేశాను, ఆ రోగం సంగతి కింద చెప్తా). కొన్నేళ్ల కిందట మాదాపూర్‌లో ఒక ఎక్స్‌పోకి వెళ్లాను. టీ కౌంటర్ దగ్గర పక్కన నిలబడ్డ ఒకాయన తనే కలుపుగోలుగా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగారు. నేను చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, "మేము ఎన్ఏబీఎల్ అక్రెడిటెడ్ కాలిబ్రేషన్ అండ్ వాలిడేషన్ సొల్యూషన్స్ ప్రొవైడ్ చేస్తామండీ, థర్మల్, మాస్, ప్రెషర్ అన్ని పారామీటర్స్‌లో" అన్నాను. ఆయన "ఓహో, సాఫ్ట్‌వేరా" అని తలూపి సమోసాల వైపు వెళ్లిపోయారు. నేను చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆయన మెడలో బ్యాడ్జీ ఉంది, దాని మీద కంపెనీ పేరు చదివాను కూడా, కానీ అది జీడిమెట్లలో మందులు తయారుచేసే కంపెనీ అని, అంటే ఆ హాలు మొత్తంలో మా పని కావాల్సిన మనిషెవరైనా ఉన్నారంటే అది ఆయనేనని, నా బుర్రకు ఎక్కేసరికి ఆయన ప్లేటు పట్టుకుని వేరే గుంపులో ఉన్నారు.

ఇప్పుడు అదే ప్రశ్నకు నేను చెప్పే జవాబు ఇది: "మందుల కంపెనీల్లో తూకం మిషన్లు, థర్మామీటర్లు ఉంటాయి కదండీ, అవి నిజమే చెబుతున్నాయా లేదా అని చూసి సర్టిఫికెట్ ఇస్తాం. మాది బాలానగర్." అంతే, ఆగిపోతాను. చాలాసార్లు వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే, "థర్మామీటర్ కూడా అబద్ధం చెబుతుందా?" అని. చెబుతుందండీ, చాలా వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, ఫ్రిజ్ మీద 6 అని కనిపిస్తుంటే లోపల నిజంగా 9 ఉంటే ఎలా అంటాను. ఇక అక్కడి నుంచి మాట దానంతటదే నడుస్తుంది, అడిగింది వాళ్లు కాబట్టి.

"ఏదో చిన్న బిజినెస్ అండీ"

సొంత డబ్బా కొట్టుకోకూడదని మనకు చిన్నప్పటి నుంచే నూరిపోస్తారు. మంచిదే. కానీ అది ముదిరి ఎక్కడిదాకా వచ్చిందంటే, పదిమందికి జీతాలిచ్చే ఆయన కూడా "ఏదో చిన్న బిజినెస్ అండీ" అంటాడు, పన్నెండేళ్లుగా టెన్త్ పిల్లలకు లెక్కలు చెబుతున్న టీచరమ్మ "ఊరికే ఇంట్లోనే ట్యూషన్లు" అంటుంది. ఏదో, చిన్న, ఊరికే, జస్ట్, అలా నడుస్తోంది. మనమేమో ఇది వినయం అనుకుంటాం, వినేవాళ్లకు మాత్రం "ఈ సంగతి ఇక అడగకండి" అన్నట్టు వినిపిస్తుంది. పాపం వాళ్లూ మర్యాదస్తులే, అడగరు.

దీనికి అటు చివర ఉండేవాళ్లూ ఉన్నారు. "సౌత్ ఇండియాలోనే నంబర్ వన్", "బెస్ట్ క్వాలిటీ, బెస్ట్ సర్వీస్". అది విన్నవాడు చేయి జేబులో పెట్టుకుని పర్సు ఉందో లేదో చూసుకుంటాడు. నేను పెట్టుకున్న గుర్తు ఏమిటంటే, నోట్లోంచి వచ్చేది మెచ్చుకోలు అయితే డబ్బా, లెక్క అయితే సమాచారం. "మేం చాలా ఎక్స్‌పీరియన్స్‌డ్" అనేది డబ్బా. "ఎనిమిదేళ్లుగా ఇదే పని, నెలకు రెండు మూడు వందల పరికరాలు చూస్తాం" అనేది ఉన్నమాట. ఉన్నమాట చెప్పేటప్పుడు ఎక్కువ చెప్తున్నానేమో అన్న గిలి లోపల ఉండదు, అది లేకపోతే గొంతు వణకదు. అందరూ కాన్ఫిడెన్స్ కాన్ఫిడెన్స్ అంటారే, నా వరకు అది చాలావరకు ఇదే.

అన్నట్టు హోదాల సంగతి. మొదట్లో నా విజిటింగ్ కార్డు మీద "ఫౌండర్ అండ్ సీఈఓ" అని వేయించాను. అప్పుడు ఆఫీసులో ఉండేది నేను, ఒక టెక్నీషియన్, పొద్దున పూట మాత్రమే వచ్చే అకౌంట్స్ అబ్బాయి. ఒక పెద్దాయన ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ కంపెనీలో ఎంతమంది బాబూ?" అని చాలా మామూలుగా అడిగారు. "రెండున్నర" అని చెప్పలేక నేను పడ్డ అవస్థ ఇప్పటికీ గుర్తే. తర్వాత వేయించిన కార్డుల్లో హోదా తీసేసి, పేరు కింద "తూకం మిషన్లు, థర్మామీటర్ల కాలిబ్రేషన్, బాలానగర్" అని పెట్టాను. ఆ కార్డు చూసి ఇంతవరకు ఎవరూ మమ్మల్ని సాఫ్ట్‌వేర్ అనలేదు.

మరి ఏం చెప్పాలి

ఎవరికి చేస్తారు, వాళ్లకున్న తలనొప్పి ఏమిటి, అందులో మీరు చేసేదేమిటి. ఈ మూడూ ఏ వరసలో దొర్లినా ఫర్వాలేదు, ఒకటి తగ్గినా కొంపలేం మునగవు. "నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని" అంటే ఆ హాల్లో ఇంకో ఆరుగురుంటారు. "బేగంబజార్ హోల్‌సేల్ షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తానండీ, నోటీసు వచ్చాక పరిగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ" అనే ఆయన మాత్రం ఒక్కడే ఉంటాడు, పైగా నోటీసు అనగానే ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. "ఇంట్లో కేకులు చేస్తుంటా" అనేదాన్ని "ఎగ్‌లెస్ బర్త్‌డే కేకులు చేస్తాను, మణికొండ చుట్టుపక్కల నేనే తెచ్చిస్తాను, రెండు రోజుల ముందు చెబితే చాలు" అని చెప్పి చూడండి. ఫోన్‌లో "ఎగ్‌లెస్ కేక్స్ మణికొండ" అని ఎక్కేస్తుంది, వాళ్ల బాబు పుట్టినరోజు ఇంకా ఏడు నెలలున్నా సరే.

రాసుకున్నది బాగుందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఒకటే. మీ ఫీల్డ్‌తో ఏ సంబంధం లేని మనిషికి ఒకసారి చెప్పండి, వేరే మాటల్లో పడి పది నిమిషాలు గడవనివ్వండి, అప్పుడు "నేనేం పని చేస్తాను?" అని అడగండి. నేను మా అత్తయ్య మీద ఈ ప్రయోగం చేశాను. చిక్కుడుకాయలు తుంచుతూనే "అదే, త్రాసులు సరిచేస్తావుగా" అంది. నిజానికి మేం సరిచేయం, సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఎంత తేడా ఉందో కాగితం మీద రాసిస్తాం. ఆ తేడా ఆవిడకు అక్కర్లేదు, టీ కౌంటర్ దగ్గర ఎవరికీ అక్కర్లేదు. మాలాంటి ల్యాబులు పాటించే ప్రమాణం ఐఎస్ఓ 17025 అన్న మాట అయితే ఆవిడ చెవిలోకే వెళ్లలేదు, కాబట్టి అది నా పరిచయంలోంచి పోయింది. క్వాలిటీ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎదురైతే వాళ్లే అడుగుతారు, అప్పుడు చెబుతాను.

వీలైతే చూపించడానికి ఒక వస్తువు దగ్గర పెట్టుకోండి. నా జేబులో మా ల్యాబ్‌లో పక్కన పడేసిన 20 గ్రాముల స్టీలు గుండు ఒకటి ఉంటుంది, చిటికెన వేలి కొనంత. ఇలాంటివాటిని పనిలో ఉన్నప్పుడు వట్టి చేత్తో ముట్టుకోం, గ్లౌజులో పటకారో వాడతాం, ఎందుకంటే వేలికున్న జిడ్డు కూడా బరువే. ఇది చెప్పి గుండు వాళ్ల అరచేతిలో పెడితే చాలు, పక్కనున్నవాళ్లు కూడా "ఏదీ, ఇటివ్వండి" అంటారు. మీది బట్టల పని అయితే ఒక స్వాచ్ ముక్క, యాప్ అయితే ఒక్క స్క్రీన్ (ఒక్కటే, డెమో మొత్తం కాదు, దండం పెడతా).

కాలేజీలో బట్టీ పట్టినది

మా చిన్నమ్మ కూతురు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, ఉద్యోగం మారాలని చూస్తోంది. టీహబ్‌లో (స్టార్టప్‌ల కేంద్రం) ఏదో మీటప్ ఉందని ముందురోజు సాయంత్రం మా ఇంటికొచ్చి "అన్నా, ఒకసారి విను" అని నిలబడి మొదలుపెట్టింది. "హాయ్, మైసెల్ఫ్ సో అండ్ సో, బేసికల్లీ ఐయామ్ ఫ్రమ్ వరంగల్, ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ ఈసీఈ, కరెంట్లీ ఐయామ్ వర్కింగ్ యాజ్ ఎ క్వాలిటీ అనలిస్ట్, మై స్ట్రెంత్స్ ఆర్ హార్డ్ వర్క్ అండ్ టీమ్ వర్క్..."

మా చిన్నాన్న ఉద్యోగం, చిన్నమ్మ హోమ్‌మేకర్ అనే దాకా వెళ్లేలోపు ఆపాను. ఈ పాఠం మనందరికీ కంఠతా వచ్చు. ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్ల కోసం బట్టీ పట్టిస్తారు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మళ్లీ రుద్దిస్తారు. ఇంటర్వ్యూలో అది నడుస్తుంది, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషికి మీ మాట వినడమే ఆ రోజు డ్యూటీ. టీ కప్పుతో నిలబడ్డవాడికి ఆ ఖర్మ లేదు. ఎంతసేపు పట్టిందో చూద్దామని మళ్లీ చెప్పించి రికార్డు చేశాం. వాట్సాప్‌లో మన నంబర్‌కు మనమే మెసేజ్ పంపుకోవచ్చు కదా, అక్కడ వాయిస్ మెసేజ్ పెడితే ఎన్ని సెకన్లో అదే చూపిస్తుంది, తర్వాత విని మనల్ని మనం తిట్టుకోవచ్చు కూడా. 52 సెకన్లు.

"సరే, గత నెల ఆఫీసులో చేసిన పని ఒక్కటి చెప్పు" అన్నాను.

"ఏముంటుందన్నా, టెస్ట్ కేసులు రాస్తాం, బగ్స్ రెయిజ్ చేస్తాం."

"ఒక్క బగ్ చెప్పు."

కాసేపు ఆలోచించి చెప్పింది. వాళ్లు చేసేది పేమెంట్ల యాప్. సిగ్నల్ సరిగ్గా లేని చోట పే నొక్కి, చక్రం తిరుగుతూనే ఉందని మళ్లీ నొక్కితే డబ్బులు రెండుసార్లు కట్ అవుతున్నాయి. రిలీజ్‌కు రెండు రోజుల ముందు దాన్ని పట్టుకుంది ఈమె. సిగ్నల్ పోయే చోటు కోసం ఫోన్ పట్టుకుని లిఫ్టులో పైకీ కిందికీ, బేస్‌మెంట్ పార్కింగ్‌లో స్తంభాల వెనకా తిరిగిందట, సెక్యూరిటీ అతను ఏమైనా పోయిందా మేడమ్ అని అడిగాడట.

"మరి ఇది చెప్పవేం?"

"ఇందులో చెప్పేదేముందన్నా, అది నా పనే కదా."

తిరకాసు అంతా అక్కడే ఉంది. రోజూ చేసేది కాబట్టి అది మనకు విషయంలా కనిపించదు, డిగ్రీలూ హోదాలూ మాత్రం విషయాల్లా కనిపిస్తాయి. గంటసేపు కూర్చుని, రెండు టీలు తాగి, ఆఖరికి ఇలా తేల్చాం: "నా పేరు ఫలానా. పేమెంట్ యాప్‌లలో డబ్బులు రెండుసార్లు కట్ అవ్వడం లాంటివి జనం దాకా రాకముందే పట్టుకునే పని నాది, టెస్టింగ్, నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆటోమేషన్ వైపు వెళ్దామని చూస్తున్నాను. మీరేం చేస్తుంటారు?" 14 సెకన్లు. "మరీ కొంచెంగా లేదా?" అంది అనుమానంగా. అడిగితే బేస్‌మెంట్ కథ చెప్పు, అడగకపోతే అది నీ దగ్గరే ఉంచుకో అన్నాను. కంపెనీ పేరు, యాప్ పేరు మాత్రం ఆ కథలో రాకూడదని గట్టిగా చెప్పాను. నేనూ అంతే, ఏ కస్టమర్ దగ్గర ఏ ఫ్రిజ్ తప్పు చూపించిందో పేరుతో చెప్పను, ఎందుకంటే వినేవాడు నవ్వుతూనే రేపు వీడు మా సంగతి కూడా ఇలాగే చెబుతాడు అని లెక్క వేసుకుంటాడు.

మీటప్ నుంచి రాగానే ఫోన్ చేసింది. ఉద్యోగం ఏమీ రాలేదు, రెండు చోట్ల రెజ్యూమె అడిగారంతే. కానీ ఒకావిడ తన ముందే నంబర్ సేవ్ చేసుకుంటూ, కరెక్టేనా అని స్క్రీన్ చూపించిందట, "టెస్టింగ్ పేమెంట్స్ టీహబ్" అని ఉందట. పేరు లేదన్నా అని కాస్త నొచ్చుకుంది.

పేరంటే గుర్తొచ్చింది, దాన్ని మింగేయకండి. మన పేర్లు పొడుగు, ముందు ఇంటిపేరు, మధ్యలో రెండు ఇనీషియల్స్, మొత్తం ఒక్క ఊపిరిలో అనేస్తే ఎవరికీ అందదు. ఎలా పిలవాలో ఆ ఒక్క ముక్క చెప్పి అర సెకను ఆగండి. మీ పేరు సాయి అయితే ఎలాగూ ఆ హాల్లో ఇంకో నలుగురు సాయిలుంటారు, కాబట్టి పనీ ఏరియా వెంటనే తగిలించాల్సిందే.

ఇంగ్లీషా, తెలుగా

హైదరాబాద్‌లో ఇది చిక్కుప్రశ్నే. టీహబ్ వైపు ఇంగ్లీషు, బాలానగర్, జీడిమెట్ల ఓనర్లతో తెలుగు, బేగంబజార్‌లో హిందీ, పాతబస్తీ వైపు వెళ్తే "క్యా కర్తే ఆప్" అని మన దక్కనీ. రెడ్‌హిల్స్‌లో ఎఫ్‌టీసీసీఐ ఉంది కదా, 1917 నుంచి ఉన్న వ్యాపారుల సంఘం, అలాంటి చోట ఒకే బల్ల దగ్గర ఇంగ్లీషు, తెలుగు, హిందీ మూడూ వినిపిస్తాయి. నేను పాటించేది సింపుల్: వాళ్లు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు. దానికోసం మూడు భాషల్లోనూ ఆ రెండు వాక్యాలు నోటికి అలవాటు చేసుకున్నాను, ముఖ్యంగా హిందీలో, ఎందుకంటే అక్కడే నాకు ఆడా మగా తేడా తప్పిపోతుంటుంది. ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడితేనే ప్రొఫెషనల్ అనుకుని మొదలుపెట్టి మధ్యలో మాట కోసం తడుముకునే కంటే, "తెలుగులో మాట్లాడుకుందామా అండీ?" అని హాయిగా అడిగేయండి. నేను అడిగినప్పుడు అవతలివాళ్ల భుజాలు దిగడం చాలాసార్లు చూశాను, వాళ్లకీ అదే టెన్షన్ మరి.

ఇలా రెండు ముక్కల్లో పరిచయం చేసుకోవడాన్ని ఎలివేటర్ పిచ్ అంటారు, లిఫ్ట్ దిగేలోపు చెప్పేయాలని. రాయదుర్గం వైపు టవర్లలో లిఫ్టులెక్కితే అందరూ ఫోన్లలో తల దూర్చి ఉంటారు, అక్కడ ఎవరైనా నిజంగా పిచ్ మొదలుపెడితే జనం ముందు ఫ్లోర్‌లోనే దిగిపోతారు. పేరు ఏదైనా, నిలబడి మాట్లాడేటప్పుడు 15, 20 సెకన్లు చాలు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇన్ని మాటలు అని లెక్క ఇస్తుంటారు, నిమిషానికి 130 నుంచి 150 మాటలని, అది మనకు పనికిరాదు, మన మాటలు పొడుగు. సెకన్లే చూసుకోండి.

నిలబడ్డ చోట

ముగ్గురు నలుగురు గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరకుండా, ఖాళీ ఉన్న వైపు వెళ్లి నిలబడి, ఆ మాట పూర్తయ్యేదాకా వినండి, ఎవరో ఒకరు మీ వైపు చూస్తారు, అప్పుడు "నేనూ కలవొచ్చా అండీ?" అంటే చాలు. ఇద్దరే ముఖాముఖి నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే వెళ్లకండి, అది బేరమో గొడవో అయ్యుంటుంది. ప్లేటు నిండా బిర్యానీ పెట్టుకుని పరిచయాలు చేసుకోవద్దు, తింటే ముందే తినండి, లేకపోతే అన్నీ అయ్యాక. టీ కప్పు ఎడమ చేతిలో ఉండాలి. షేక్‌హ్యాండ్ విషయంలో ఆడవాళ్లకు మీరుగా చేయి చాపకండి, పెద్దవాళ్లకూ అంతే, నమస్తే పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు, వాళ్లు చేయి చాపితే కలపండి. పెద్దవాళ్లను గారు అనో సార్ అనో అనండి, వాళ్లు పేరుతో పిలవమన్నా మొదటి రోజు వద్దు.

ఇక మన వాళ్ల శాశ్వత ప్రశ్న, "మీదే ఊరు?" దీనికి చిరాకు పడేవాళ్లున్నారు, నేనైతే దాన్ని వాడుకుంటాను. "సొంతూరు నల్గొండ పక్కన, పనంతా బాలానగర్" అంటాను, ఏరియా మరోసారి చెప్పినట్టవుతుంది. ఆ తర్వాత ఇంటిపేరు అడిగి, ఇంకా లోపలికి తవ్వేవాళ్లూ తగులుతారు, ఎందుకో మనకూ తెలుసు వాళ్లకూ తెలుసు. ముక్తసరిగా ఏదో ఒకటి చెప్పి "మీ ప్లాంట్ ఎక్కడండీ?" అని పని వైపు తిప్పేయండి, సాధారణంగా తిరుగుతారు.

వదిలించుకోవడం కూడా పరిచయంలో భాగమే, దీన్ని ఎవరూ నేర్పరు. "సరేనండీ, మిమ్మల్ని ఎక్కువసేపు పట్టుకోను, నంబర్ ఇస్తారా?" అని మీరే ముందు అనండి. ఇంకా మాట్లాడాలని ఉంటే వాళ్లే ఆపుతారు.

అందరి ముందు ఒక నిమిషం

తలా ఒక నిమిషం చెప్పుకునే మీటింగులు వేరు. వ్యాపారులు ఒకరికొకరు పనులు ఇప్పించుకునే బీఎన్ఐ లాంటి గ్రూపుల్లో వారం వారం పొద్దున్నే ఇదే తంతు, అది అమెరికాలో 1985లో మొదలైన పద్ధతి, మన దగ్గరా బాగానే నడుస్తోంది. ఇక్కడ అందరూ చేసే తప్పు, తన వంతు వచ్చేదాకా మనసులో తనది వల్లె వేసుకుంటూ ముందువాళ్లది వినకపోవడం. ముందే కాగితం మీద రెండు లైన్లు రాసుకుని జేబులో పెట్టుకుంటే ఆ గోల ఉండదు, వినొచ్చు, వింటే "ఇందాక కోల్డ్ స్టోరేజ్ సార్ చెప్పారు కదా, అక్కడుండే థర్మామీటర్లు చూసేది మేమే" అని అల్లుకోవచ్చు. ఆ సార్ మీటింగ్ అయ్యాక తప్పకుండా మీ దగ్గరికొస్తారు.

రెండోది, అడగడం. "మీకు ఎవరైనా తెలిస్తే చెప్పండి" అంటే అందరూ తలూపుతారు, ఎవరికీ ఎవరూ గుర్తురారు. "పాశమైలారంలోనో జీడిమెట్లలోనో మందుల కంపెనీలో క్వాలిటీ హెడ్ ఎవరైనా మీకు తెలుసా?" అని అడిగితే ఎవరికో ఒకరికి బావమరిది గుర్తొస్తాడు. మన ఊళ్లో సగం పనులు బావమరుదుల మీదే నడుస్తాయి, దాచుకోవడం దేనికి.

ఉద్యోగం పోయి ఉన్నవాళ్లు, పిల్లల కోసం కొన్నేళ్లు ఆగి మళ్లీ మొదలుపెడుతున్నవాళ్లు ఈ చోట నోరు పెగలక ఇబ్బంది పడతారు. "ప్రస్తుతానికి ఖాళీ" అనకండి, అబద్ధమూ చెప్పకండి. వచ్చిన పని, వెతుకుతున్న పని, ఈ రెండూ చెబితే సరిపోతుంది: "పదేళ్లు హాస్పిటల్ బిల్లింగ్ చూశానండీ, ఇన్సూరెన్స్ క్లెయిములు నాకు బాగా తెలుసు, మళ్లీ అదే పనిలోకి వద్దామని చూస్తున్నాను." మధ్యలో గ్యాప్ ఎందుకొచ్చిందో ఎవరూ అడగనిదే మీరు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. సొంతంగా ఏదైనా పెట్టాలనుకునే ఆడవాళ్లకు వీహబ్ ఉంది, 2018లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టినది. అక్కడ చుట్టూ ఉండేవాళ్లలోనూ చాలామంది అప్పుడే మొదలుపెట్టినవాళ్లే కాబట్టి నోరు తిరగడానికి మంచి చోటు.

ఇంటికొచ్చాక

నంబర్ తీసుకున్న చోటే మిస్డ్ కాల్ ఇచ్చి, మీరూ వాళ్లను పనితో కలిపి సేవ్ చేసుకోండి. ఆ రాత్రికే ఒక మెసేజ్: "నమస్తే అండీ, ఇవాళ మాదాపూర్‌లో కలిశాం, తూకం మిషన్లు, థర్మామీటర్ల చెకింగ్, బాలానగర్." వాళ్ల చాట్‌లో వెతికితే దొరికేలా ఆ మాటలే మళ్లీ పెట్టాలి. ఇరవై పేజీల బ్రోషర్ పంపకండి, మర్నాటి నుంచి గులాబీ పూల గుడ్ మార్నింగులు అసలే వద్దు, మ్యూట్‌లో పడితే మళ్లీ బయటికి రావడం కష్టం. ఇక ఫలానా రోజు ఫోన్ చేస్తానని నోటితో అంటే ఆ రోజే చేయండి. ఒకాయనకు నేను బుధవారం చేస్తానని చెప్పి, ఏదో పనిలో పడి గురువారం మధ్యాహ్నం చేశాను. ఆయన అప్పటికే కుటుంబంతో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద ఉన్నారు, "థర్మామీటర్ల ఆయనా? నిన్నంతా చూశాను బాబూ" అంటుండగానే సిగ్నల్ పోయింది. మళ్లీ ఆయన్ని పట్టుకోవడానికి నెల పట్టింది.